ముందుండి పాడేవాడు వెళ్లిపోతే..

వెస్ట్ మారేడ్‌పల్లిలో ఓ అద్దె గది. నలుగురు కలిసి చేస్తున్న ఫైనలియర్ ప్రాజెక్టు. రెండో రివ్యూకి ఇంకా పన్నెండు రోజులే ఉంది. రాత్రి పదింటికి మీ టీమ్ లీడర్ గదిలోకి వచ్చాడు. “మామా.. బెంగళూరు కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందిరా. సోమవారమే జాయినింగ్. ముందు ఇంటర్న్‌షిప్, తర్వాత ఫుల్‌టైమ్” అన్నాడు.

మీరు ఎగిరి కౌగిలించుకున్నారు. పార్టీ ఎప్పుడని అడిగారు. లైట్ ఆర్పి పడుకున్నాక మాత్రం ముగ్గురిలోనూ ఒకటే ఆలోచన. గైడ్ ఏం అడిగినా జవాబు చెప్పింది వాడే. డెమో ఇచ్చింది వాడే. కోడ్‌లో సగం రాసింది కూడా వాడే. మరి ఇప్పుడు?

ఇది మీకు రేపో మాపో ఎదురయ్యే పరిస్థితే. కాలేజీలో కాకపోతే ఆఫీసులో. ప్రతి టీమ్‌లోనూ ముందుండి మాట్లాడే గొంతు ఒకటి ఉంటుంది. అది ఒకరోజు వెళ్లిపోతుంది. మిగిలినవాళ్లు ఏం చేశారన్నదే ఆ తర్వాత కథ.

ఈ కష్టం అందరికంటే బాహాటంగా పడేది మ్యూజిక్ బ్యాండ్లు. గిటార్ వాయించేవారు మారితే సగంమంది శ్రోతలకు తెలియకపోవచ్చు. పాడే మనిషి మారితే మొదటి లైన్‌కే తెలిసిపోతుంది. అందుకే గాయకుడిని పోగొట్టుకున్నాక ఒక బ్యాండ్ చేసే తర్వాతి ఆల్బమ్ వాళ్లకు అసలు పరీక్ష. ఆ పరీక్ష రాసినవాళ్ల దగ్గర ఉద్యోగార్థులు నేర్చుకోవాల్సింది చాలానే ఉంది.

ఐదు నెలల ఆరు రోజులు

ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ ఏసీ/డీసీ పేరు వినే ఉంటారు. 1979లో ‘హైవే టు హెల్’ ఆల్బమ్‌తో వాళ్లు అమెరికాలోనూ గట్టిగా నిలబడ్డారు. ఏళ్ల కష్టం ఫలించే వేళకు, 1980 ఫిబ్రవరి 19న, గాయకుడు బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు. వయసు 33 ఏళ్లు.

బ్యాండ్‌ను నడిపిస్తున్న అన్నదమ్ములు మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ ఇక ఆపేద్దామనే అనుకున్నారు. అంత్యక్రియల సమయంలో బాన్ స్కాట్ తల్లిదండ్రులే వాళ్లకు ధైర్యం చెప్పారు. ఆపొద్దు, కొనసాగించండి అన్నారు. అన్నదమ్ములు మళ్లీ గిటార్లు పట్టుకున్నారు.

అదే సమయంలో ఉత్తర ఇంగ్లండ్‌లో బ్రయన్ జాన్సన్ అనే 32 ఏళ్ల మనిషి కార్ల పైకప్పులకు వినైల్ షీట్లు వేసే చిన్న వ్యాపారం చేసుకుంటున్నాడు. ఆయనదీ పాటల నేపథ్యమే. 1973లో ఆయన పాడిన ‘జోర్డీ’ బ్యాండ్‌కు బ్రిటన్‌లో ఓ పెద్ద హిట్ ఉంది. ఆ తర్వాత అవకాశాలు తగ్గాయి. మన భాషలో చెప్పాలంటే రెజ్యూమెలో పెద్ద గ్యాప్. ఏసీ/డీసీ నుంచి ఆడిషన్‌కు పిలుపొచ్చింది. లండన్ వెళ్లి పాడాడు. ఎంపికయ్యాడు.

అక్కణ్నుంచి బహామాస్ దీవుల్లోని కంపాస్ పాయింట్ స్టూడియోకు వెళ్లారు. ఏప్రిల్, మే నెలల్లో రికార్డింగ్. 1980 జులై 25న ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ విడుదలైంది. బాన్ స్కాట్ పోయిన రోజు నుంచి లెక్కేస్తే ఐదు నెలల ఆరు రోజులు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 5 కోట్ల కాపీలు అమ్ముడైందని అంచనా వేసే ఆల్బమ్ అది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌ల పట్టికల్లో ఇప్పటికీ ఉంటుంది.

అదృష్టం కలిసొచ్చింది అనేసి వదిలేయొచ్చు. కానీ వాళ్లు చేసిన మూడు పనులు జాగ్రత్తగా చూడండి.

ఒకటి: ఏం పోయింది? ఏం మిగిలింది?

పాడే గొంతు పోయింది. నిజమే. కానీ పాటలకు వెన్నెముక లాంటి గిటార్ బాణీలు కట్టేది మాల్కమ్, ఆంగస్. వాళ్లున్నారు. ‘హైవే టు హెల్’ను నిర్మించిన రాబర్ట్ జాన్ ‘మట్’ లాంగ్ ఉన్నాడు. మళ్లీ ఆయన్నే పెట్టుకున్నారు. బాస్, డ్రమ్స్ వాయించేవాళ్లూ పాతవాళ్లే. అంటే ఒక్కచోటే ఖాళీ. మిగతా ఇల్లు గట్టిగానే ఉంది.

మీ ముగ్గురూ చేయాల్సిన మొదటి పని ఇదే. ‘వాడు లేకపోతే ప్రాజెక్టే లేదు’ అని బెంబేలు పడేముందు ఓ తెల్ల కాగితం తీసుకోండి. మధ్యలో గీత గీయండి. వాడితో పాటు వెళ్లిపోయేవి ఒకవైపు, మీ దగ్గరే ఉండేవి మరోవైపు రాయండి. డేటా సేకరించింది మీలో ఒకరు. రిపోర్టు రాసింది ఇంకొకరు. టెస్టింగ్ మూడోవాళ్లు. వెళ్లిపోయేది నిజానికి ఒకటో రెండో మాడ్యూళ్లు, ఓ పాతిక పాస్‌వర్డ్‌లు, గైడ్ ముందు మాట్లాడే ధైర్యం. మొదటి రెండూ సోమవారంలోపు అడిగి తీసుకోవచ్చు. మూడోది మాత్రం మీరే తెచ్చుకోవాలి.

రెండు: కొత్తవాడితో పాత గొంతు పాడించొద్దు

బ్రయన్ జాన్సన్ గొంతు బాన్ స్కాట్ గొంతు కాదు. ఇంకా పైస్థాయిలో, గరుకుగా కీచుమనే గొంతు. ఆయన పాతాయన్ని అనుకరించి ఉంటే ఆ ఆల్బమ్ ఓ నకలుగా మిగిలిపోయేదేమో. బ్యాండ్ ఆయన్ను కేవలం పాడమని కూడా వదిలేయలేదు. ఆల్బమ్‌లోని పదికి పది పాటలకూ రచయితలుగా యంగ్ సోదరులతో పాటు జాన్సన్ పేరు ఉంది. వచ్చిన కొద్ది వారాలకే పెద్ద బాధ్యత ఇచ్చారు. ఆయన మోశాడు.

ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. మీ మొదటి ఉద్యోగం కొత్తగా పుట్టిన కుర్చీలో ఉండాలని రూలేమీ లేదు. ఎవరో రాజీనామా చేసి వెళ్తే ఖాళీ అయిన స్థానం కావొచ్చు. హెచ్‌ఆర్ వాళ్లు దీన్ని ‘బ్యాక్‌ఫిల్’ అంటారు. చేరిన మొదటి వారంలోనే “మీకంటే ముందు చేసినాయన ఇలా చేసేవారు కాదు” అన్న మాట వినపడుతుంది. మనసు చివుక్కుమంటుంది. కోపం తెచ్చుకోవద్దు. అలాగని ఆయనలా మారిపోవాలనీ ప్రయత్నించొద్దు. ఆయన ఏం చేసేవారో పూర్తిగా తెలుసుకోండి. ఎందుకలా చేసేవారో అడగండి. ఆ తర్వాత అదే పని మీ పద్ధతిలో చేయండి. కచేరీల్లో జాన్సన్ పాత పాటలూ పాడాడు. కొత్త పాటలు మాత్రం తన గొంతుకు తగ్గట్టు పాడాడు. రెండూ కావాలి.

మూడు: బాధను దాచలేదు, అక్కడే ఆగిపోలేదు

‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అట్ట పూర్తిగా నలుపు. దాని మీద బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు తప్ప ఏ బొమ్మా లేదు. అది సంతాప సూచన. మొదటి పాట మెల్లగా మోగే గంటతో మొదలవుతుంది. ఆ గంట కోసం ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరో పట్టణంలో దాదాపు టన్ను బరువున్న గంటను పోత పోయించారు. గంట మోత తర్వాత గిటార్, దాని వెనక డ్రమ్స్. ఆపైన పాట పరుగందుకుంటుంది.

ముందు తలవంచారు, తర్వాత పనిలోకి దిగారు. టీమ్‌లో ఒకరు వెళ్లిపోయినప్పుడు ‘ఏం కాలేదు’ అని నటించడం వల్ల లాభం లేదు. గైడ్‌కు దాచిపెట్టి రివ్యూ రోజు దొరికిపోయే బదులు మర్నాడే వెళ్లి చెప్పండి. “సార్, మా టీమ్‌లో ఒకరు వెళ్లిపోతున్నారు. ఈ భాగం మేం పంచుకున్నాం. ఈ తేదీకి ఇంతవరకు చూపిస్తాం” అనండి. సమస్యతో పాటు ప్రణాళికను కూడా తీసుకెళ్లేవాళ్ల మాటకు విలువ ఉంటుంది.

బయట వెతికి.. ఇంట్లో దొరికిన గొంతు

అన్నిసార్లూ బయటివాళ్లు రానక్కర్లేదు. బ్రిటన్ బ్యాండ్ ‘జెనెసిస్’నే తీసుకోండి. 1975లో వాళ్ల గాయకుడు పీటర్ గాబ్రియెల్ తప్పుకొన్నాడు. పత్రికలో ప్రకటన ఇచ్చి ఎందరినో పరీక్షించారు. ఎవరూ కుదరలేదు. ఆడిషన్లకు వచ్చినవాళ్లకు పాటలు నేర్పిస్తూ కూర్చున్నది డ్రమ్స్ వాయించే ఫిల్ కాలిన్స్. అతనికి ఆ పాటలన్నీ వచ్చు. చివరికి ‘నువ్వే పాడు’ అన్నారు. 1976 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’ బ్రిటన్ చార్టుల్లో మూడో స్థానానికి వెళ్లింది. గాబ్రియెల్‌తో చేసిన చివరి ఆల్బమ్ అక్కడ పదో స్థానం దగ్గర ఆగింది.

కాలిన్స్‌కు ఆ అవకాశం ఎందుకొచ్చింది? వెనక కూర్చున్నా పాట మొత్తం తెలుసు కాబట్టి. మీ ప్రాజెక్టులో మీరు రాసిన మాడ్యూల్ ఒక్కటే మీకు తెలిస్తే మీరు డ్రమ్స్ దగ్గరే ఉండిపోతారు. మొత్తం ఎలా పనిచేస్తుందో తెలిస్తే ముందు మైకు ఖాళీ అయినరోజు మీ పేరు గుర్తొస్తుంది.

ఒక్కడి పని.. ఇద్దరికి

మన దేశంలోనూ ఓ గొప్ప ఉదాహరణ ఉంది. 1990లో దిల్లీలో సుస్మిత్ సేన్, అశీమ్ చక్రవర్తి మొదలుపెట్టిన ‘ఇండియన్ ఓషన్’. అశీమ్ తబలా వాయిస్తూనే పాడేవారు. బ్యాండ్‌కు ఆత్మ ఆయనే అనుకునేవారు ఎందరో. 2009 డిసెంబరు 25న ఆయన కన్నుమూశారు.

అప్పటికి ఆయన గొంతుతో రికార్డు చేసిన పాటలున్నాయి. వాటిని ‘16/330 ఖజూర్ రోడ్’ పేరుతో 2010లో విడుదల చేశారు. ఆ పేరు వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసిన ఇంటి చిరునామా. నెలకో పాట చొప్పున, ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునేలా ఇచ్చారు. మరి ఆయన స్థానంలో ఎవరు? ఒక్కరు కాదు, ఇద్దరు. తబలాకు తుహీన్ చక్రవర్తి, పాటకు హిమాంశు జోషి. ఒక మనిషి చేసిన పనిని విడదీసి చూశారన్నమాట. 2013లో సుస్మిత్ సేన్ కూడా బయటికెళ్లారు. గిటార్‌కు నిఖిల్ రావు వచ్చారు. 2014లో ‘తందాను’ ఆల్బమ్ విడుదలైంది. శంకర్ మహదేవన్, శుభా ముద్గల్, విశ్వమోహన్ భట్, కర్ష్ కాలే లాంటి అతిథులను పిలిచి పాటలు చేశారు. ఖాళీ కనపడకుండా కప్పే బదులు, ఆ ఖాళీలోకి నలుగురినీ ఆహ్వానించారు.

మీ లీడర్‌కు బదులుగా అచ్చం అలాంటి లీడర్ కోసం వెతక్కండి. అతను చేసిన పనులు విడగొట్టండి. డెమో ఒకరికి, కోడ్ ఒకరికి, గైడ్‌తో మాట్లాడటం ఇంకొకరికి. అవసరమైతే సీనియర్‌నో, పక్క బ్రాంచి ఫ్రెండ్‌నో ఓ గంట సాయం అడగండి. అడగడం నామోషీ కాదు.

వెళ్లినవాడు శత్రువు కాదు

ఇక మన ఊరి సంగతి. హైదరాబాద్ ‘చౌరస్తా’ బ్యాండ్ పాటలు మీ ఫోన్‌లో ఉండే ఉంటాయి. ‘ఊరెళ్లిపోతా మామ’ పాట మోగని హాస్టల్ ఉందా? ఆ బ్యాండ్ అనగానే చాలామందికి గుర్తొచ్చిన గొంతుల్లో రామ్ మిరియాలది ఒకటి. ఆయన తర్వాత బ్యాండ్ నుంచి బయటికొచ్చారు. 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాలో ‘చిట్టి’ పాడారు. 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకు బాణీ కట్టి తానే పాడారు. ఇటు యశ్వంత్ నాగ్, మిగతా మిత్రులు చౌరస్తా పేరును నిలబెట్టుకుంటూ ముందుకెళ్లారు. ఇద్దరికీ దారులున్నాయి. విడిపోవడం అంటే ఒకరు గెలిచి ఇంకొకరు ఓడటం కాదు.

అందుకే ‘వాడు మమ్మల్ని నట్టేట ముంచాడు’ అన్న మాట ఇంటర్వ్యూలో నోరు జారి కూడా అనకండి. బోర్డులో ఉన్నవాళ్లు ఆ మాటలో వాడి తప్పు చూడరు. మీ తీరును చూస్తారు. వాడి ఇంట్లోనూ ఈఎంఐలుంటాయి. ఆఫర్ వస్తే మీరైనా వెళ్లేవారే కదా!

అతికించినా అతకనప్పుడు

ప్రతి కథా ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ కాదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి. అమెరికా బ్యాండ్ ‘ద డోర్స్’ గాయకుడు జిమ్ మారిసన్ 1971 జులై 3న చనిపోయాడు. మిగిలిన ముగ్గురూ అదే ఏడాది అక్టోబరులో ‘అదర్ వాయిసెస్’ తెచ్చారు. కీబోర్డు, గిటార్ వాయించేవాళ్లే పాడారు. మరుసటి ఏడు ఇంకో ఆల్బమ్ చేశారు. శ్రోతలు మునుపటిలా రాలేదు. 1973లో బ్యాండ్ ముగిసింది.

దీన్ని ఓటమి అందామా? వాళ్లు ప్రయత్నించి తెలుసుకున్నారు, గౌరవంగా ఆపారు. మీ స్టార్టప్ ఐడియా కూడా ఆ ఒక్కడితోనే నడిచేదైతే, అతను లేకుండా ఆర్నెల్లు ప్రయత్నించాక కూడా కదలకపోతే ఆపేయడం తప్పు కాదు. ప్రాజెక్టు మాత్రం వేరు. మార్కులు మీవి, తేదీ మారదు. కాబట్టి దాన్ని పూర్తి చేయాల్సిందే.

సోమవారంలోపు చేయాల్సినవి

సాఫ్ట్‌వేర్ రంగంలో ‘బస్ ఫ్యాక్టర్’ అనే మాట ఉంది. టీమ్‌లో ఎంతమందిని హఠాత్తుగా బస్సు గుద్దితే పని ఆగిపోతుందో ఆ సంఖ్య అది. ఒక్కరితోనే ఆగిపోతుందంటే టీమ్ ప్రమాదంలో ఉన్నట్టు. మీ టీమ్ బస్ ఫ్యాక్టర్ ఇన్నాళ్లూ ఒకటే. దాన్ని పెంచే పని ఇవాళే మొదలుపెట్టండి.

* కూర్చోబెట్టి చెప్పించుకోండి: కంపెనీల్లో దీన్నే ‘కేటీ’ అంటారు. రెండు గంటలు చాలు. ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ పెట్టండి. ‘ఎలా’ అని మాత్రమే కాదు, ‘ఎందుకిలా’ అని అడగండి.

* ఖాతాలు మార్పించుకోండి: గిట్‌హబ్, క్లౌడ్ అకౌంట్, డేటా ఉన్న డ్రైవ్ ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి. వాడి కాలేజీ మెయిల్ ఆగిపోయాక నెత్తి కొట్టుకోవద్దు.

* వాడి ముందే నడపండి: ప్రాజెక్టును మీ ల్యాప్‌టాప్‌లో మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయండి. వాడు కీబోర్డు ముట్టుకోకూడదు. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మీకు తెలియనిది ఉంది.

* పనులు మార్చుకుని డెమో ఇవ్వండి: కోడ్ రాసినవాళ్లు రిపోర్టు గురించి, రిపోర్టు రాసినవాళ్లు కోడ్ గురించి చెప్పండి. ఓ మూడు సాయంత్రాలు చేస్తే భయం సగానికి సగం పోతుంది.

వెళ్లే స్నేహితుడికీ ఓ మాట. రేపు మీరు ఉద్యోగం మారేటప్పుడు కంపెనీ రెండు, మూడు నెలల నోటీస్ పీరియడ్ అడగొచ్చు. అదంతా ఈ అప్పగింత కోసమే. దాన్ని కాలేజీలోనే శుభ్రంగా చేసి వెళ్తే మంచి అలవాటుతో ఉద్యోగంలో అడుగుపెట్టినట్టే.

ఇంటర్వ్యూలో ఇదే మీ కథ

“మీ టీమ్‌లో కీలకమైన వ్యక్తి మధ్యలో వెళ్లిపోతే ఏం చేస్తారు?” ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న ఇది. చాలామంది ‘సర్దుకుంటాం సర్, టీమ్ వర్క్ చేస్తాం సర్’ అని గాల్లో చెప్తారు. మీ దగ్గర ఇప్పుడు జరిగిన కథ ఉంది. పరిస్థితి ఏంటి, మీ వంతు పని ఏంటి, మీరు ఏం చేశారు, ఫలితం ఏమైంది.. ఈ నాలుగూ నాలుగు వాక్యాల్లో చెప్పండి. ‘మేము’ అనాల్సిన చోట ‘మేము’, ‘నేను’ అనాల్సిన చోట ‘నేను’ అనండి. డెమో తడబడి ఉంటే అదీ చెప్పండి. ఆ తడబాటు తర్వాత ఏం మార్చుకున్నారో చెప్తే చాలు. అబద్ధం చెప్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. నిజమైతే పది ప్రశ్నలు వేసినా మీ దగ్గర జవాబు ఉంటుంది.

మారేడ్‌పల్లి నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లేటప్పుడు సంగీత్ చౌరస్తా దాటే ఉంటారు. ఇంగ్లిష్ సినిమాలకు పేరుపడ్డ సంగీత్ థియేటర్ ఎప్పుడో పోయింది. ఆటోవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆ చౌరస్తాను ఆ పేరుతోనే పిలుస్తారు. వెళ్లిపోయినవాళ్ల పేరు అలా నిలిచి ఉండటం మంచిదే. కానీ అక్కడ సిగ్నల్ పడితే ట్రాఫిక్ ఆగి, పచ్చదీపం వెలిగితే మళ్లీ కదులుతుంది.

సోమవారం ఉదయం మీ ఫ్రెండ్‌ను బస్సెక్కించండి. చేయి ఊపండి. వెనక్కి నడిచొస్తూ దారిలో ఓ చాయ్ తాగండి. గదికి రాగానే ల్యాప్‌టాప్ తెరవండి. ఈసారి మైకు మీ ముందుంది.